సైకిల్‌కి ముందు లైటు ఎంచుకోవడం ఎలా? డబ్బా మీది అంకె నుంచి రోడ్డు మీది వెలుతురు దాకా

సైకిల్ లైటు కొందామని చూస్తే ప్రతి డబ్బా మీదా పెద్ద అక్షరాల్లో ఉండేది ల్యూమెన్ల లెక్కే, అంటే లైటు ఇచ్చే మొత్తం కాంతి. 400, 1000, 2400... ఎక్కువ ఉంటే మంచిదేగా అని చాలామంది ఆ అంకె చూసే కొనేస్తారు. తీరా రోడ్డెక్కాక ముందు చక్రం దగ్గర నేల తెల్లగా మెరిసిపోతుంటుంది గానీ, ఇరవై మీటర్ల అవతల ఉన్న గుంత కనబడదు. పైగా ఎదురొచ్చేవాళ్లు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని తిట్టుకుంటూ పోతారు. అలాంటి లైటులో వెలుతురుకు కొదవేమీ ఉండదు. అది పడాల్సిన చోట పడదు, అంతే.

అందుకే ఈ గైడ్‌లో ల్యూమెన్ల సంగతి వివరంగా నాలుగో మెట్టులో గానీ రాదు. ముందు మీ దారి, మీ వేగం, తర్వాత వెలుతురు ఆకారం. ఈ మూడూ తేలితే ఎంత కాంతి కావాలో దానంతట అదే తేలుతుంది.

1. మీకు లైటు దేనికి?

సైకిల్ ముందు లైటు చేసే పనులు రెండు. మీకు దారి చూపించడం ఒకటి, మీరు వస్తున్నట్టు ఎదుటివాళ్లకు చూపించడం రెండోది. దారంతా వీధి దీపాలుంటే రెండో పనే ముఖ్యం. దానికి 100 నుంచి 200 ల్యూమెన్ల చిన్న లైటు చాలు. అయితే దాని వెలుతురు పక్కలకు కూడా కనబడాలి. కూడళ్లలో బండ్లు మీకు ఎదురుగానే రావు, అడ్డంగా వస్తాయి. లైటు అంచుల్లో చిన్న కిటికీల్లాంటివి ఉండి, పక్కనుంచి చూసినా వెలుగు తెలుస్తుంటే మంచిది.

దీపాల్లేని రోడ్డయితే లెక్క మారుతుంది. తారు రోడ్డు మీద మామూలు వేగంతో వెళ్లేవాళ్లకు, వెలుతురును సరిగ్గా పంచే లైటయితే 400 నుంచి 800 ల్యూమెన్లు హాయిగా సరిపోతాయి. రాళ్లూ వేర్లూ మలుపులూ ఉన్న మట్టి బాటల్లో తొక్కేవాళ్లకు వెయ్యి, ఆ పైన కావాలి.

మనలో చాలామందిది కలగలుపు దారి. అక్కడ నేను చెప్పేది ఒకటే: దారిలో ఎక్కువ భాగం దీపాలున్నా, మిగిలిన ఆ చీకటి ముక్కను బట్టే లైటు కొనండి. దీపాల కింద మోడ్ తగ్గించుకోవచ్చు. చీకట్లో లేని వెలుతురును తెచ్చుకోలేం.

2. ఎంత దూరం కనబడాలి?

దీనికి చిన్న లెక్క ఉంది. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. గుంతను చూసి, అది గుంతేనని తెలుసుకుని, బ్రేకు నొక్కేసరికి ఒకటిన్నర సెకను పోతుందనుకోండి. ఆ లోపే ఎనిమిది మీటర్లు దాటిపోతాం. బ్రేకు పట్టాక పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో నాలుగైదు మీటర్లు. మొత్తం 13 మీటర్ల దాకా. అదే 30 కిలోమీటర్ల వేగంలో 22 మీటర్లు, దిగుడులో 40 అందుకుంటే 34 మీటర్లు. వేగం రెట్టింపైతే దూరం రెట్టింపును మించిపోతుంది. వానలో బ్రేకు పట్టాక జారే దూరం దాదాపు రెట్టింపని లెక్కేసుకోవడం మంచిది.

ఇవి ఎక్కడా తేడా రాకుండా ఆగితే వచ్చే దూరాలు. కాస్త వెసులుబాటు కలుపుకుంటే, 20 వేగానికి 20 మీటర్లు, 30 వేగానికి 35 మీటర్ల దాకా రోడ్డు స్పష్టంగా కనబడాలి. లైటు మరీ చిన్నదైతే ఇదే లెక్కను తిరగేసి చూసుకోవచ్చు. మీకు పది మీటర్లే కనబడుతుంటే, ఆ చీకట్లో 20 వేగం కూడా ఎక్కువే.

ఇక డబ్బా మీద "150 మీటర్ల వరకు వెలుతురు" అని రాసి ఉంటుంది చూశారా, దాన్ని చూసి మురిసిపోవద్దు. టార్చిలైట్లను కొలిచే ఎఫ్ఎల్1 అనే ప్రమాణంలో, వెలుతురు 0.25 లక్స్‌కు (ఒక చోట పడే వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు) పడిపోయే దూరాన్ని ఆ లైటు దూరంగా రాస్తారు. 0.25 లక్స్ అంటే సుమారుగా పౌర్ణమి వెన్నెల. ఆ వెన్నెలను నమ్ముకుని గుంతలు తప్పించుకోలేం కదా. అయితే ఆ అంకె వల్ల ఒక ఉపయోగముంది. దూరం సగమైతే వెలుతురు నాలుగు రెట్లవుతుంది. కాబట్టి 150 మీటర్ల దగ్గర 0.25 లక్స్ ఇచ్చే లైటు, అందులో ఐదోవంతు దూరంలో, అంటే 30 మీటర్ల దగ్గర, 25 రెట్లు ఇస్తుంది. 6 లక్స్ పైచిలుకు. అది పనికొచ్చే వెలుతురు. అందుకే డబ్బా మీది దూరాన్ని ఐదు పెట్టి భాగించి, వచ్చినదాన్ని మీకు కావలసిన దూరంతో పోల్చుకోండి. ఇది నా మోటు లెక్క, కానీ కొనేటప్పుడు బాగా పనికొస్తుంది.

3. వెలుతురు ఆకారం చూడండి

మొత్తం ఎంపికలో అసలు సంగతి ఇక్కడే ఉంది. ల్యూమెన్ అంటే కుళాయి నుంచి వచ్చే మొత్తం నీళ్లు, లక్స్ అంటే మొక్క మొదట్లో పడ్డ నీళ్లు. కుళాయి ఎంత ధారగా వదిలినా సగం నీళ్లు గోడ మీద పడితే మొక్కకు ఒరిగేదేముంది?

చవక లైట్లలో ఎక్కువ భాగం టార్చిలైటు బాపతు. వెలుతురు గుండ్రని గరాటులా అన్ని వైపులకూ సమానంగా వెళ్తుంది. దూరం కనబడాలని దాన్ని కాస్త ఎత్తి పెడితే పై సగం చెట్ల కొమ్మలకూ, ఎదుటివాళ్ల కళ్లకూ పోతుంది. కళ్లలో కొడుతోందని కిందికి దించితే ముందు చక్రం దగ్గరే పోగుపడుతుంది. ఎలా పెట్టినా సగం వృథాయే.

రెండో రకం లైట్లలో కారు లోబీమ్‌లా పైన ఒక గీత గీసినట్టు వెలుతురు తెగిపోతుంది. ఆ గీత కింద కాంతి చిక్కగా, పైన పలచగా ఉంటుంది. జర్మనీలో ఎస్‌టీవీజెడ్ఓ అనే రోడ్డు వాహనాల నిబంధనలు సైకిల్ లైటుకు దీన్ని తప్పనిసరి చేశాయి. 10 మీటర్ల దూరంలో అత్యంత ప్రకాశవంతమైన చోట కనీసం 10 లక్స్ ఉండాలి. గీత పైన, ఎదుటివాళ్ల కళ్లుండే ఎత్తులో 2 లక్స్ మించకూడదు. 10 లక్స్ కనీస హద్దు మాత్రమే, మంచి లైట్లు దానికి ఎన్నో రెట్లు ఇస్తాయి. ఆ పరీక్ష నెగ్గిన లైట్ల ఒంటి మీద అలల గీత, పక్కన ఇంగ్లిష్ కే అక్షరం, ఒక నంబరు ఉంటాయి. మీరు ఏ దేశంలో ఉన్నా ఆ గుర్తు ఉందంటే వెలుతురు ఆకారం గురించి సగం టెన్షన్ తగ్గినట్టే.

దగ్గర నేల మీద పడే కాంతి సంగతి కూడా చూడాలి. అది మరీ ఎక్కువైతే కంటిపాప దానికి తగ్గట్టు చిన్నదైపోతుంది, దూరంగా ఉన్న చీకటి ఇంకా చీకటవుతుంది. 1500 ల్యూమెన్ల లైటు పెట్టుకుని కూడా "దూరం కనబడట్లేదు" అని వాపోయేవాళ్ల సమస్య తరచూ ఇదే. మంచి లైటు తన కాంతిలో పెద్ద వాటాను గీత కిందుగా దూరానికి పంపి, దగ్గరికొచ్చేకొద్దీ తగ్గించుకుంటూ వస్తుంది. అప్పుడే చక్రం దగ్గర నుంచి దూరం దాకా రోడ్డు ఒకే తీరుగా పరిచినట్టు కనిపిస్తుంది.

దీన్ని పరీక్షించడం తేలిక. చీకటి గదిలో గోడకు మూడు మీటర్ల దూరంలో లైటు పట్టుకుని వెలిగించండి. గోడ మీద గుండ్రని మచ్చ పడి, నడుమ తెల్లటి చుక్క, చుట్టూ వలయాలు ఉంటే అది టార్చి రకం. పైన చదునుగా తెగి, అడ్డంగా వెడల్పుగా పరుచుకుంటే రెండో రకం. ఆ వెడల్పులో నల్లటి చారలు, మచ్చలు లేకుండా చూసుకోండి. గోడ మీద సన్నగా కనిపించే నల్లచార రోడ్డు మీద మీటర్ల కొద్దీ సాగుతుంది, కదులుతుంటే కంటికి మహా చికాకు.

ఆన్‌లైన్లో కొనేటప్పుడు గోడ పరీక్ష కుదరదు కాబట్టి రాత్రి తీసిన ఫొటోలే దిక్కు. ఒకే చోట, ఒకే కెమెరా సెట్టింగులతో నాలుగైదు లైట్లను పోల్చిన ఫొటోలకే విలువ. కంపెనీ విడిగా పెట్టిన ఒక్క ఫొటోతో ఏమీ తేలదు, కెమెరా ఎంత వెలుతురునైనా పగలు చేయగలదు.

మట్టి బాటల్లో మాత్రం తెగిన గీత ఇబ్బంది పెడుతుంది. తలకు తగిలే కొమ్మలు కనబడవు, మలుపులో సైకిల్ వంగినప్పుడు గీత కూడా వంగి లోపలి వైపు చీకటి పడుతుంది. ఎదురుగా ఎవరూ రాని అలాంటి చోట్ల వెడల్పాటి గుండ్రని వెలుతురే నయం.

4. ఇప్పుడు ల్యూమెన్లు, వాటి కాకిలెక్కలు

కాగితం, పెన్సిలు ఉంటే చాలు, అబద్ధపు అంకెలు చాలావరకు దొరికిపోతాయి. సైకిల్ లైట్లలో ఎక్కువగా వాడేది 18650 అనే లిథియం సెల్లు, 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. సాధారణంగా 3.6 వోల్టులు, సుమారు 3000 ఎంఏహెచ్, అంటే 3 ఆంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే దాదాపు 11 వాట్ అవర్లు. ఇక ఎల్ఈడీ, లెన్సు, సర్క్యూట్ నష్టాలన్నీ పోను ఒక వాటుకు 100 ల్యూమెన్లు వస్తే మంచి లైటు కిందే లెక్క.

ఒకే సెల్లున్న లైటు మీద "1000 ల్యూమెన్లు, 4 గంటలు" అని ఉందనుకోండి. వెయ్యి ల్యూమెన్లకు 10 వాట్లు, నాలుగు గంటలకు 40 వాట్ అవర్లు కావాలి. లోపలున్నది 11. అంటే అంకె అబద్ధమన్నా కావాలి, లేదా నాలుగు గంటలూ వెయ్యి ఉండకపోవాలి. అరచేతిలో పట్టే లైటు మీద పదివేల ల్యూమెన్లని రాస్తే ఇక లెక్క కూడా అక్కర్లేదు, పక్కన పెట్టేయడమే.

రెండో అవకాశం, అంటే రాసినంత సేపూ అదే వెలుతురు ఉండకపోవడం, నిజాయితీ గల కంపెనీల్లో కూడా ఉంటుంది. ఎఫ్ఎల్1 పద్ధతిలో వెలుతురు పదోవంతుకు పడిపోయే దాకా గడిచిన సమయమంతా రన్‌టైమే. మొదటి పావుగంట ధగధగలాడి, తర్వాత మిణుకుమిణుకుమంటూ నాలుగు గంటలు లాగినా "4 గంటలు" అని రాసుకోవచ్చు. అందుకే సమయంతో పాటు వెలుతురు ఎలా తగ్గుతుందో చూపే గ్రాఫ్ దొరుకుతుందేమో వెతకండి. గీత చదునుగా సాగి చివర్లో పడిపోతే మంచిది. మొదటి నుంచీ జారుడుబల్లలా ఉంటే మీకు దక్కేది డబ్బా మీది అంకెలో సగమే. వేడెక్కితే లైటు తనంతట తాను వెలుతురు తగ్గించుకోవడం మాత్రం లోపమేమీ కాదు, తనను కాపాడుకుంటోంది. ఇంట్లో టేబుల్ మీద పెట్టి చూస్తే త్వరగా తగ్గుతుంది, గాలి తగులుతూ తొక్కేటప్పుడు అంతగా తగ్గదు.

ఇంకోటి. 400 నుంచి 800కి వెళ్తే కంటికి రెట్టింపు వెలుతురులా అనిపించదు, కొంచెం పెరిగినట్టే ఉంటుంది. బ్యాటరీ మాత్రం రెట్టింపు ఖర్చవుతుంది. మీ ప్రయాణం గంటయితే, గంటన్నర నిలబడే మోడ్‌లో ఎన్ని ల్యూమెన్లు ఉన్నాయో చూడండి. అదే మీ లైటు అసలు అంకె.

5. బ్యాటరీయా, డైనమోనా?

అప్పుడప్పుడూ రాత్రి తొక్కేవాళ్లకు యూఎస్‌బీ ఛార్జింగ్ లైటు చాలు. సెల్లు బయటికి తీసి మార్చుకునే వీలుంటే ఇంకా మంచిది. లిథియం సెల్లు కొన్ని వందల ఛార్జింగుల తర్వాత నీరసిస్తుంది. లోపలే అతికించిన లైటయితే సెల్లుతో పాటు లైటంతా పారేయాల్సి వస్తుంది.

రోజూ రాత్రి తొక్కేవాళ్లయితే ముందు చక్రం ఇరుసులో ఉండే హబ్ డైనమో గురించి ఆలోచించండి. దాని లెక్క 6 వోల్టులు, 3 వాట్లు. మూడు వాట్లేనా అనిపిస్తుంది గానీ, గీత తెగిన మంచి లైటుకు ఆ మూడు వాట్లతోనే తారు రోడ్డు శుభ్రంగా కనబడుతుంది. ఛార్జింగ్ మర్చిపోయే బెడద లేదు, లైటు సైకిల్‌కి బోల్టుతో బిగించి ఉంటుంది కాబట్టి ఎవరైనా లాగేసుకుపోయే భయమూ తక్కువ. ఆగినప్పుడు ఆరిపోకుండా కాసేపు వెలిగే ఏర్పాటు ఉందో లేదో మాత్రం అడగండి. ఖర్చు, చక్రం మళ్లీ అల్లించే శ్రమ దీనికి అడ్డంకులు. టైరుకు ఒరుసుకుని తిరిగే పాతకాలపు డైనమో వానలో జారుతుంది, తొక్కడమూ బరువవుతుంది.

ఎలక్ట్రిక్ సైకిల్ అయితే దాని ప్రధాన బ్యాటరీ నుంచే లైటుకు కరెంటు తీసుకోవచ్చు. బండి ఇచ్చేది 6 వోల్టులా, 12 వోల్టులా అన్నది ముందే తెలుసుకుని దానికి తగ్గ లైటు కొనండి.

6. చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

బటన్ నుంచి మొదలుపెట్టండి. గ్లవ్స్ వేసుకున్న బొటనవేలికి అందుతుందా? ఎక్కువ నుంచి తక్కువకు మారేటప్పుడు మధ్యలో ఆరిపోవడమో, బ్లింకింగ్ రావడమో జరుగుతుందా? చీకటి దిగుడులో ఒక్క నొక్కుకు లైటు ఆరిపోవడమంటే ప్రాణం మీదికొస్తుంది. ఆఫ్ కావాలంటే బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోవాల్సిన లైట్లే నయం. చివరగా వాడిన మోడ్‌ను గుర్తుపెట్టుకుంటే ఇంకా సుఖం.

వాన సంగతికొస్తే, ఐపీఎక్స్4 అంటే అన్ని వైపుల నుంచీ పడే చినుకులను తట్టుకుంటుంది. ఐపీఎక్స్6 గట్టి నీటి ధారను, ఐపీఎక్స్7 మీటరు లోతు నీళ్లలో అరగంటను. మామూలు వానకు 4 చాలు, జోరువానలో తొక్కేవాళ్లు 6 చూసుకోండి. ఏ గ్రేడ్ అయినా ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సరిగ్గా కూర్చుంటేనే. ఆ మూత వదులుగా, పీకితే ఊడేలా ఉంటే ఆ లైటు వద్దు.

టైప్-సీ రంధ్రముంటే రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో ఛార్జ్ అవుతుందో లేదో చూడండి. కొన్ని చవక లైట్లు సర్క్యూట్‌లో ఓ చిన్న రెసిస్టర్ పెట్టకుండా ఖర్చు మిగుల్చుకుని, పాత యూఎస్‌బీ-ఏ కేబుల్‌తో తప్ప ఎక్కవు.

రంగు విషయంలో పెద్దగా పట్టింపు అక్కర్లేదు. నీలం ఛాయ లేని మామూలు తెలుపు కంటికి హాయి.

7. ఎక్కడ బిగించాలి?

హ్యాండిల్ మీద పెట్టడం అందరూ చేసేదే. హ్యాండిల్ ముందు బుట్టో సంచీయో ఉంటే వెలుతురు దానికే తగులుతుంది, అప్పుడు ఫోర్కు పైభాగంలో బిగించాలి. కిందకు వెళ్లేకొద్దీ గుంతల నీడలు పొడవవుతాయి కాబట్టి ఎగుడుదిగుళ్లు బాగా తెలుస్తాయి. మరీ చక్రం ఇరుసు దగ్గరకు దించితే చిన్న గులకరాయి కూడా బండరాయిలా నీడ వేసి భయపెడుతుంది.

హెల్మెట్ మీద లైటుకు ఇది తిరగబడుతుంది. కాంతి మీ కంటి పక్క నుంచే వెళ్తుంది కాబట్టి నీడలు వస్తువు వెనకాలే దాక్కుంటాయి, గుంత చదునుగా కనబడుతుంది. పొగమంచులో, వానలో కళ్లముందు తెల్లటి తెర కడుతుంది. అన్నిటికీ మించి, మీరు ఎవరి వైపు చూస్తే వాళ్ల కళ్లలోకే కొడుతుంది. మట్టి బాటలో మలుపుల్లోకి చూడటానికి రెండో లైటుగా తప్ప రోడ్డు మీద దాన్ని నేను సిఫార్సు చేయను.

హ్యాండిల్ లావు సాధారణంగా 22.2, 25.4, 31.8 మిల్లీమీటర్లలో ఒకటి ఉంటుంది, బ్రాకెట్ దానికి సరిపోవాలి. రబ్బరు పట్టీతో కట్టేవి తేలిక లైట్లకు సరే, బరువైనవి కుదుపులకు మెల్లగా ముందుకు వాలిపోతాయి. పాత ట్యూబు ముక్క ఒకటి కింద చుట్టి బిగిస్తే చాలావరకు ఆగుతుంది.

8. గురి సరిచేయడం

లైటు ఎంత మంచిదైనా ఇది చేయకపోతే దండగే. పట్టేది పది నిమిషాలు. చదునైన చోట, గోడకు సరిగ్గా ఐదు మీటర్ల దూరంలో లైటు ఉండేలా సైకిల్‌ను నిలబెట్టి, దాని మీద కూర్చోండి. మీ బరువుకు టైర్లు, సస్పెన్షన్ కాస్త కుంగుతాయి కాబట్టి ఖాళీ సైకిల్‌తో కొలిస్తే తేడా వస్తుంది. నేల నుంచి లైటు ఎత్తు కొలిచి, అదే ఎత్తులో గోడ మీద సుద్దముక్కతో గీత గీయండి.

గుండ్రని వెలుతురయితే దాని నడిబొడ్డు గోడ మీద ఆ ఎత్తులో సగం దగ్గర పడాలి. లైటు మీటరు ఎత్తులో ఉంటే గోడ మీద 50 సెంటీమీటర్ల దగ్గరన్నమాట. అప్పుడు నడిబొడ్డు మీ ముందు పది మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. గీత తెగిన లైటయితే ఆ తెగిన అంచు మీ సుద్దగీతకు 5 నుంచి 10 సెంటీమీటర్లు కిందుగా ఉండాలి. మీటరు ఎత్తులో ఉన్న లైటుకు 10 సెంటీమీటర్లు దించితే అంచు 50 మీటర్ల దగ్గర నేలకు దిగుతుంది. అంచు అడ్డంగా సమంగా ఉందో లేదో కూడా చూడండి, బ్రాకెట్ పక్కకు ఒరిగితే ఒక వైపు ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది.

తర్వాత ఇంకెవరినైనా మీ సైకిల్ ఎక్కించి ముప్పై మీటర్ల అవతల నుంచి మీ వైపు తొక్కుకుంటూ రమ్మనండి. మీకు కళ్లు చెదిరితే ఇంకాస్త దించాలి. గోడ లెక్క కంటే ఈ పరీక్షకే నేను ఎక్కువ విలువిస్తాను.

9. రాత్రి వాడకంలో

బ్లింకింగ్ మోడ్ పగటి పూట దృష్టిని బాగా లాగుతుంది. రాత్రి మాత్రం నిలకడగా వెలిగే లైటే వాడండి. మినుకుమినుకుమనే లైటు ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా వస్తోందో ఎదుటివాళ్లకు అంచనా చిక్కదు. మీకూ దారి ముక్కలు ముక్కలుగా కనబడుతుంది. కొన్ని దేశాల్లో బ్లింకింగ్‌కు అనుమతే లేదు. ముందు తెలుపు, వెనక ఎరుపు అన్నది మాత్రం దాదాపు అంతటా ఉన్న నియమం, కాబట్టి వెనక లైటును మర్చిపోవద్దు.

తడి రోడ్డు మీద మీ లైటు చెడిపోయిందేమోనని అనుమానం రావచ్చు. నీటి పొర అద్దంలా పనిచేసి కాంతిని మీ వైపు తిప్పి పంపకుండా ముందుకే జార్చేస్తుంది, అందుకే రోడ్డు నల్లగా కనబడుతుంది. మోడ్ ఒక మెట్టు పెంచి, వేగం తగ్గించండి. వాన ఎక్కువగా ఉండే కాలంలో తొక్కేవాళ్లు లైటు కొనేటప్పుడే ఆ ఒక్క మెట్టు మిగిలి ఉండేలా చూసుకోవాలి.

సెల్లును ప్రతిసారీ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడకండి. నెలల తరబడి పక్కన పెట్టాల్సి వస్తే సగం ఛార్జ్‌తో ఉంచండి. గడ్డకట్టే చలిలో ఉన్న లైటును లోపలికి తెచ్చి, వేడి పట్టాకే ఛార్జింగ్ పెట్టాలి. ఇక సంచిలో 100 ల్యూమెన్ల చిన్న లైటు ఇంకోటి ఉంచుకోండి, నెలకోసారి దాన్నీ ఛార్జ్ చేస్తూ. పెద్దది దారిలో ఆరిపోతే దాన్ని తగిలించుకుని, వెలుతురు ఎంత దూరం పడుతోందో చూసి ఆ వేగంతోనే ఇంటికి రావచ్చు.